కాలి వ్రణము – కట్టు చరిత్రము



రాజుల చరిత్రములును, కోటల ముట్టడులును మీరు రేడియోలో పలుమారు వినియుందురు. నేడు నేను చెప్పబోవునది ఒక గుడ్డపీలిక చరిత్రము. కాలిమీద మానని పుండునకు మనుష్యుడు గుడ్డ చుట్టుట యెట్లు నేర్చెనో, నేర్చినదానిని ఎట్లు మఱచెనో, మఱల నెట్లు తెలిసికొనెనో అదియే నా విషయము. నేను వైద్యుడను గాను. ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో నిలుచుండి తెలుగు పాఠము చెప్పి విరమించుకొన్నవాడను. అయినను ఈ చరిత్రము కొంత నా కాలిమీదను, కొంత మా యింటిలోను నడచినది గనుక చెప్పుటకు సాహసించుచున్నాను.

మాది నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ. ఆ పేరు వినగానే మీకు ఫ్లోరైడు నీళ్లు జ్ఞప్తికి వచ్చును. ఆ నీళ్లు త్రాగి ఎముకలు బిగిసినవారు, మోకాళ్లు వంగినవారు మా వాడలలో నేటికిని గలరు. కీళ్లు కదలనివానికి కాలిపుండు మానుట యేల కష్టమో ముందు చెప్పెదను. మా ఊరనేమి, ఏ ఊరనేమి, సాయంకాలమున అరుగులమీద కూర్చున్న వృద్ధులలో ఒక్కనికైనను చీలమండపై చుట్టిన గుడ్డ కనబడును. గుడ్డక్రింద పసుపో, వేపాకు ముద్దయో, అంగడిలో కొన్న మలామో యుండును. ఎన్నాళ్లాయెనని యడిగిన రెండేండ్లాయెనని బదులు వచ్చును. రెండేండ్లనుండి మానని పుండునకు ఆ మందే మఱల మఱల పూయుచుందురు. మందు మార్చుటయేగాని కాలిని జూచుట యుండదు.

మందు లేకయే చేతిపనితో కుదిర్చిన కాలివ్యాధి మన పెద్దలకు బాగుగ దెలిసినది యొకటి గలదు. అది నారికురుపు. దిగుడుబావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకొను దినములలో, ఆ నీటిలోని సూక్ష్మజీవుల కడుపున దాగిన పురుగుపిల్లలు త్రాగునీటితో మనుష్యుని కడుపున జేరి, ఒక సంవత్సరమునకు పెరిగి, పాదముమీదనో పిక్కమీదనో బొబ్బ లేపి, తెల్లని నూలుపోగువలె బయటకు వచ్చెడివి. ఆ పోగును చిన్న పుల్లకు జుట్టి దినమునకు కొంచెము కొంచెముగా, తెగకుండ, వారములకొలది లాగవలసియుండెను. తొందరపడి తెంపినచో కాలు చీము పట్టి మనుష్యుడు మంచము పట్టుచుండెను. ఆ పురుగును చంపుటకు నేటివఱకు నమ్మదగిన మందు లేదు. అయినను 1983లో మన దేశమున ప్రారంభించిన నిర్మూలన కార్యక్రమము దిగుడుబావుల మెట్లు మూయించి, చేతిపంపులు వేయించి, నీటిని గుడ్డతో వడగట్టించి ఆ వ్యాధిని తుడిచివేసినది. భారతదేశమున చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో ప్రపంచారోగ్యసంస్థ మన దేశమునుండి అది తొలగినదని ధ్రువపఱచెను. పుల్ల, గుడ్డ, ఓపిక, ఈ మూటితోనే ఆ పని జరిగినది. మఱియొక పుండునకును ఇంచుమించుగ ఇట్టి సామగ్రియే చాలునని నాకు చాలకాలము తోచలేదు.

తోచకపోవుట నాకు సిగ్గుచేటు. ఏలయనగా నాకు కావ్యములు చెప్పిన గురువుగారు వైద్యమును గూడ నెఱిగినవారు. ఆయన మాచేత సుశ్రుతసంహితలోని సూత్రస్థానమునుండి కొన్ని అధ్యాయములు కంఠస్థము చేయించిరి. అందు పదునెనిమిదవ అధ్యాయము వ్రణమునకు లేపనము చేయుటను, కట్టు కట్టుటను గుఱించినది. అందు పదునాలుగు విధములగు కట్లు చెప్పబడినవి. వ్రేళ్లకు కోశము, కీళ్లకు స్వస్తికము, కాలుసేతులకు అనువేల్లితము, ఇట్లు ఏ అవయవమునకు ఏ కట్టు తగునో పేర్లతో సహా గలదు. అనువేల్లితమనగా తీగ చెట్టును జుట్టుకొనినట్లు క్రిందనుండి పైకి జుట్టుకొనిపోవునదని మా గురువుగారు మర్రియూడను చేతికి జుట్టి చూపిరి. కట్టుగుడ్డ యేదియైయుండవలెననుటకును పెద్ద పట్టికయే యున్నది. నారబట్ట, నూలుబట్ట, ఉన్ని, పట్టు, తోలు, చెట్టు లోపలిబెరడు, ఇవియన్నియు అందు గలవు.

అన్నిటికంటె విలువైనది బిగువును గుఱించిన మాట. గాఢము, సమము, శిథిలమని బిగువు మూడు విధములు. తొడకు, తలకు గాఢము. కన్నులకు, కీళ్లకు శిథిలము. కాలుసేతులకు సమము. సడలియున్న కట్టు మందును నిలుపదు. మితిమీరి బిగించిన కట్టు క్రొత్త బాధ దెచ్చును. ఈ భేదము చేతికి తెలియవలెనుగాని చెవికి తెలిసిన చాలదు. కావుననే శిష్యుడు రోగిని ముట్టకమునుపు గుడ్డతో జేసిన నిలువెత్తు బొమ్మకు కట్లు కట్టి అభ్యసింపవలెనని తొమ్మిదవ అధ్యాయమున విధింపబడినది. అన్ని వందల సంవత్సరముల క్రిందట మన దేశమున పిల్లలు గుడ్డబొమ్మ కాలికి కట్టు కట్టి, విప్పి, మఱల కట్టుచు గురువుచేత చీవాట్లు తినుచుండిరని తలచుకొన్నచో నాకు నవ్వును, గౌరవమును కలుగును. మా గురువుగారు శ్లోకము అప్పగింపించుకొనిరి. బొమ్మకు కట్టు కట్టింపలేదు. ఆయనచేత కట్టించినవారును లేరు. గుడ్డ పోయి శ్లోకము మిగిలినది.

అట్లని ఇప్పుడు కొందఱు చెప్పునట్లు సర్వమును మన ప్రాచీనులకు తెలియునని నేను చెప్పను. రక్తము దేహమున చుట్టి తిరుగునను సంగతి సుశ్రుతసంహితలో లేదు. అది తెలియనిదే కట్టు యేల పుండును మాన్పునో తెలియదు. గ్రీసుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములందును కాలిపుండుగలవాడు నిలుచుండుట మంచిది కాదని చెప్పబడెను. ఇరువురును కంటితో జూచినది చెప్పిరి. కారణము ఇరువురకును అందలేదు.

ఆ కారణము 17వ శతాబ్దమున తెలిసెను. ఇటలీలో పాడువా పట్టణమున ఫాబ్రీషియసు అను శరీరశాస్త్రజ్ఞుడు కాలిసిరలలో చిన్న చిన్న తలుపులున్నవని 1603లో ప్రకటించెను. అవి యేల యున్నవో ఆయనకు సరిగా తోచలేదు. ఆయన శిష్యుడైన విలియం హార్వే అను ఆంగ్లేయుడు 1628లో దానిని విప్పి చెప్పెను. ఆ తలుపులు ఒక్కవైపునకే తెఱచుకొనును. రక్తమును గుండెవైపునకు పోనిచ్చునుగాని క్రిందికి రానీయవు.

మోటబావి త్రవ్వించుకొన్న మన రైతులకు ఇది చెప్పుట సులభము. బావిలోని నీరు తనంతట తాను గట్టుమీదికి రాదు. ఎద్దులు దిగుడున నడచిన మోట పైకి వచ్చును. మన కాలిలో ఆ ఎద్దులు పిక్కకండలు. నడచునపుడు పిక్క బిగిసి సిరలను పిండును, రక్తము పైకెక్కును, తలుపులు మూసికొని దానిని జారనీయవు. నిశ్చలముగ నిలుచున్నవాని చీలమండవద్ద సిరలలోని ఒత్తిడి పాదరసపు కొలతలో ఇంచుమించు 90 మిల్లీమీటర్లుండును. అతడు నడచినచో అది 30 వఱకు దిగును. ఎద్దులు నిలిచిపోయినను, తలుపులు చెడినను బావి నిండును. సిరలు పిక్కమీద పాములవలె ఉబ్బును, చీలమండ వాచును, చర్మము నల్లబడి గట్టిపడును. అప్పుడొక ముల్లు గీఱిన చాలును, ఆ గీత పుండై సంవత్సరములు నిలుచును. మా ఊరి ఫ్లోరైడు రోగులవలె చీలమండ, మోకాలు బిగిసినవానికి ఎద్దులున్నను దిగుడు లేదు. దుకాణమున, కమ్మరికొలిమివద్ద, బడిలో దినమెల్ల నిలుచుండువానికి ఎద్దులు కట్టివేయబడియున్నవి.

ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెసునకు శస్త్రవైద్యుడగు రిచర్డు వైజ్మను 1676లో ప్రకటించిన గ్రంథమున ఉబ్బుసిరలకును ఈ పుండునకును గల సంబంధము చెప్పి, తోలుతో కుట్టి త్రాళ్లతో బిగించు మేజోడును తొడిగించెను. అయినను ఆస్పత్రులలో కాలిపుండువారిని నెలలతరబడి మంచముమీద పరుండబెట్టుటయే వాడుక. పేదవాడు పనిమాని పరుండిన తినుటయెట్లు? అతడు లేచిపోవును, పుండు మఱల పెరుగును. 1797లో బ్రిస్టలు పట్టణపు వైద్యుడు థామసు బేంటను ఈ చిక్కునకు విడుదల చూపెను. జిగురుపట్టీలను కాలిచుట్టును అంటించి, పైన గుడ్డ చుట్టి, రోగిని పరుండవద్దు, నడువుమని పంపెను. నడచుచునే పుండ్లు మానినవి. మంచమును వీడి నడచుటయే మందగునని చెప్పుట ఆ కాలమున చిన్న సాహసము కాదు.

తరువాతి కథ వేగముగ చెప్పెదను. 1880ల ప్రాంతమున హాంబర్గునందలి చర్మవైద్యుడు ఉన్నా యనునాతడు జింకు కలిసిన జిగటముద్దను గుడ్డకు పట్టించి కాలికి చుట్టెను. అది నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. 1940ల కాలమున డెన్మార్కులో బిస్గార్డు అను వైద్యుడు కట్టుతో తృప్తిపడక, కాలిని ఎత్తిపెట్టుట, వాపును చేతితో మర్దించి కరిగించుట, చీలమండను ఆడించుట, పిదప కట్టు కట్టుట అను క్రమమును నియమించెను. దేహమును కదలించి చేయు చికిత్సను నేడు ఫిజియోథెరపీ యందుము. కాలిపుండునకు అది పూర్ణరూపము దాల్చినది ఇచ్చటనే. 1980లలో లండనునందలి చారింగుక్రాసు ఆస్పత్రివారు దూది, ముడుతల గుడ్డ, సాగెడు గుడ్డ, అంటుకొను గుడ్డ అని నాలుగు పొరల కట్టు నేర్పఱచిరి. చీలమండవద్ద సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి, మోకాలు చేరునప్పటికి అందు సగము, ఇది వారి లెక్క. సమమను మాటకు సంఖ్య దొరికినది.

ఇక నా కాలు. నేను 1982లో ఉద్యోగమున జేరి 2016లో విరమించితిని. బల్లమీద కూర్చుండి పాఠము చెప్పుట మా కాలమున అమర్యాద. ఎడమపిక్కమీద సిరలు ఉబ్బుట నలువదవయేటనే మొదలైనది. 2017లో కంచె కట్టుచుండగా తుమ్మముల్లు చీలమండ లోపలివైపున గీఱినది. ఆ గీత రూపాయిబిళ్లంత పుండై, అరచేయియంత యైనది. పసుపు, వేపాకు, తేనె అన్నియు నయినవి. పట్టణమున ఒక వైద్యశాలలో మూడుమారులు బిళ్లలు వ్రాసియిచ్చిరి. కాలుసిరలను ఎవరును చూడలేదు. ఒక కాంపౌండరు పుండుమీద మాత్రము గట్టిగ బిగించి కట్టెను. పాదము పూరీవలె పొంగినది. రసి కారి ధోవతి తడిసెడిది. వాసనకు జంకి నేను పెండ్లిపందిళ్లకు పోవుట మానితిని. మనుమరాలు నా ప్రక్కన కూర్చుండుట మానెను. అది అన్నిటికంటె కష్టముగ నుండెను.

రెండేండ్లు గడచిన పిమ్మట హైదరాబాదులో ఒక ఫిజియోథెరపీ వైద్యురాలివద్దకు నా పూర్వశిష్యుడొకడు తీసికొనిపోయెను. ఇరువదియైదేండ్ల పిల్ల. పుండును తరువాత చూతమని, ముందుగా నా పాదముమీద రెండువ్రేళ్లుంచి నాడి వెదకినది. చేతిరక్తపు ఒత్తిడిని, చీలమండ ఒత్తిడిని ఒక చిన్న యంత్రముతో కొలిచి కాగితముమీద భాగహారము చేసినది. పిదప పుండును ఉప్పునీటితో కడిగి, దూది పఱచి, కాలివ్రేళ్ల మొదటినుండి మోకాలిక్రిందివఱకు కట్టు చుట్టుట ప్రారంభించినది. క్రింద బిగువు, పైకిపోను సడలు. తీగ చెట్టును జుట్టినట్లు! నా నోట అనువేల్లితమను మాట వెలువడినది. ఆమెకు అర్థము కాలేదు.

"సారూ, గిన్నేండ్లు నిలబడి చదువు చెప్పినరు గద, ఇగ నడువుండ్రి. నడవనప్పుడు కాలు గుండె కంటె ఎత్తుల పెట్టుండ్రి. పొద్దుకు వందసార్లు మడిమెలు లేపి దించుండ్రి. మందు పుండుకు గాదు, కట్టు కాలుకు" అని చెప్పినది.

ఇంకొక మాటయు చెప్పినది. "ఇది అందరికి కట్టేది గాదు సారూ. పాదంల నాడి మంచిగున్నోళ్లకే. మీకు చూసిన గాబట్టి కట్టిన." ఈ మాటను నేను విన్నాను. విని తల యూపితిని.

వారమునకు ఒకమారు కట్టు మార్పించుకొనుచు నాలుగు నెలలు నడచితిని. పుండు అంచులనుండి లేతయెఱుపుగ చర్మము ప్రాకుకొని వచ్చి మూసికొన్నది. ఇప్పటికిని ప్రొద్దున లేవగానే, పాదము నేలను మోపకమునుపే, బిగువు మేజోడు తొడుగుకొందును. మానిన పుండు మఱల రాకుండుటకు అదియే కాపు.

ఇంతవఱకు నేను చెప్పినది సిరల పుండు. కాలిపుండ్లన్నియు నొక్కటి కావు. చీలమండపై రాక, అరికాలిలో, బొటనవ్రేలి మొదట, గుండ్రముగ, నొప్పి లేకుండ వచ్చునది మఱియొకటి గలదు. దాని చరిత్రము మన తెలుగుదేశమునకును, పొరుగు తమిళదేశమునకును మిక్కిలి దగ్గఱిది. అది కుష్ఠురోగుల ద్వారా తెలిసినది.

నిజామాబాదు ప్రాంతమున మిషనరీ వైద్యురాలగు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల దుస్థితి జూచి, స్థానికుడైన రాజా నర్సాగౌడు గారి ధనసహాయముతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి నెలకొల్పెను. ఆ కాలపు చికిత్స చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో నెక్కించుట. నూనెవలన వ్యాధి కొంత తగ్గినట్లు కనబడినను అరికాలి పుండ్లు మానకుండెను. రోగి మాంసమే చెడినదనియు, అది క్రుళ్లి రాలుననియు లోకము నమ్మినది. వైద్యులును చాలమంది నమ్మిరి.

1939లో జోసఫు ఖాను అను వైద్యుడు మన దేశమున ఇట్టి పుండ్లకు పిండికట్టు కట్టి, అనగా విఱిగిన ఎముకకు వేయునట్టి కట్టు వేసి, ఫలితములను ప్రకటించెను. లోపల మందు లేదు. పాదము మొత్తము కట్టులో నిమిడి బరువు ఒక్కచోట పడక అంతటను పంచుకొనబడెను, అంతే. పుండ్లు మానినవి. తమిళదేశపు కొల్లికొండలలో 1914లో జన్మించిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి ఈ పద్ధతిని చేపట్టి దానికి కారణము నిరూపించెను. కుష్ఠురోగి మాంసము చెడినది కాదు, మన మాంసమువంటిదే. చచ్చినది నొప్పి తెలియు నరము. మనము దూరము నడచునపుడు మడిమె నొచ్చిన తెలియకయే నడక మార్చుకొందుము, చెప్పులో రాయి పడిన దులుపుకొందుము. నొప్పి తెలియనివాడు ఆ రాతిమీదనే నాలుగు క్రోసులు నడచును. పుండు పడినను దానిపైననే నడచును. మోయుచున్న బరువు దించినచో ఆ పుండు అందఱి పుండువలెనే మానును.

ఆ వైద్యుని బృందము పిండికట్టుతో పుండు మాన్పి, మానినపిదప మఱల రాకుండ సూక్ష్మమైన గాలిగదులుగల మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించినది. కండరములు పడిపోయిన చేతులకు, కాళ్లకు వ్యాయామము నేర్పినది. ప్రతిసాయంకాలము అరికాలిని స్వయముగ పరీక్షించుకొనుట నేర్పినది. మన ప్రాంతపు సంబంధమును ఒకటి గలదు. వనపర్తి సంస్థానపు రాణి కుముదినీదేవి గారు 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో శివానంద పునరావాసకేంద్రము స్థాపించి, ఇండ్లనుండి వెడలగొట్టబడిన కుష్ఠురోగులకు నీడ యిచ్చిరి. ఆమె పిదప 1962లో హైదరాబాదు నగరపు మేయరుగ నుండిరి. 1981లో ప్రపంచారోగ్యసంస్థ అంగీకరించిన మూడుమందుల చికిత్సవలన కుష్ఠు కుదురు వ్యాధియైనది. అయినను చచ్చిన నరమును ఆ మందులు లేపలేవు. పాదమును కాచుకొనుట రోగి చేతిలోనే యుండెను.

బ్రాండు 1960లలో అమెరికాలోని కార్విల్ కుష్ఠువైద్యశాలకు పోయిన పిమ్మట వింత జరిగినది. మధుమేహరోగుల అరికాలి పుండ్లు అచ్చముగ ఇట్టివేయని అచ్చట తేలినది. వేలూరులో పేదల పాదములకు కట్టిన పిండికట్టు ప్రపంచమందలి చక్కెరరోగుల పాదములను గాచు సాధనమైనది. మన ఊళ్లలో కుష్ఠు తగ్గినది, చక్కెరరోగము పెరిగినది. పుండు మాత్రము అదియే. తిమ్మిరియెక్కి మొద్దుబాఱిన అరికాలు, చెప్పులు లేని నడక, వేసవియెండలో కాగిన సిమెంటురోడ్డు, చలికాలమున కుంపటి, ఇవి చాలును. దీనికి తోడు మధుమేహికి కాలి ధమనులు సన్నగిల్లుట గలదు. ధమని సన్నబడినపాదమునకు పైనుండి రక్తమే తక్కువగ దిగును. అట్టి కాలిని బిగించి కట్టిన ఉన్న రక్తమును ఆగును.

ఇది నాకెట్లు తెలిసినదో చెప్పి ముగించెదను.

మా అన్నగారు నాకంటె ఆరేండ్లు పెద్దవారు. వ్యవసాయము. చక్కెరరోగము పదునైదేండ్లుగ నున్నది. 2021 వేసవిలో ఆయన కుడిపాదపు బొటనవ్రేలిక్రింద పుండు లేచినది. నొప్పి లేదు గనుక లెక్కచేయక పొలమునకు పోవుచుండిరి. పాదము కొంత వాచినది. ఒకనాటి సాయంకాలము నా యరుగుమీద కాలు చాచుకొని కూర్చుండి, "తమ్మీ, నీ కాలు బాగు జేసుకుంటివి. నాకు గూడ గట్లనే కట్టరాదు" అనిరి. నా పెట్టెలో మిగిలియున్న కట్టుచుట్ట యుండెను. నా పుండు మానిన గర్వమును ఉండెను. వ్రేళ్లనుండి మోకాలిక్రిందివఱకు, ఆ పిల్ల చుట్టినట్లే, అనువేల్లితముగ, శ్రద్ధగ చుట్టితిని. పాదముమీద నాడి చూడలేదు. చూచుట నాకు తెలియదు. ఎవరివద్దకైన పోయి చూపింతమని గూడ అనుకొనలేదు. అన్నగారు మెచ్చుకొని, నడచుచు ఇంటికి పోయిరి.

మూడవనాడు కట్టు విప్పితిని. మూడు వ్రేళ్లు నల్లగ నుండెను. ఆయనకు నొప్పి తెలియలేదు. తెలిసియుండినచో ఆ రాత్రియే విప్పుకొనెడివారు. హైదరాబాదునకు తీసికొనిపోయితిమి. వ్రేళ్లతో ఆగలేదు. మోకాలిక్రింద కాలు తీసివేసిరి. ధమని ముందే చెడియున్నది, ఎప్పటికైనను ఇట్లు కావచ్చునని అచ్చటి వైద్యుడు నాతో దయతో చెప్పెను. నిజమైయుండవచ్చును.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నపుడు నాకు పదునెనిమిదవ అధ్యాయము జ్ఞప్తికి వచ్చినది. కట్టు విధులు ముగిసినపిదప, ఎవరికి కట్టు కట్టరాదో అచ్చట చెప్పబడినది. కుష్ఠురోగుల వ్రణములు, అగ్నిచే కాలినవి, మధుమేహుల పిడకలు. పదునారవయేట ఆ శ్లోకమును ఒక్క అక్షరము తప్పకుండ గురువుగారికి ఒప్పగించి మెప్పు పొందితిని. ఆ సాయంకాలము, అరుగుమీద, కట్టుచుట్ట చేతనుండగా, అదే అధ్యాయములోని అనువేల్లితము జ్ఞప్తికి వచ్చినదిగాని, నాలుగడుగుల తరువాతనున్న ఆ నిషేధము రాలేదు.

అన్నగారు నన్ను ఒక్కమాటయు అనలేదు. ఇప్పుడు జైపూరు కాలు తొడుగుకొని పొలముగట్టువఱకు పోవుచున్నారు. 1968లో జైపూరులో రామచంద్రశర్మ యను శిల్పియు, సేఠీ యను వైద్యుడును కలిసి రూపొందించిన ఆ రబ్బరుపాదము బురదలోను నడచును, క్రింద కూర్చుండనిచ్చును. మిగిలిన యెడమపాదమునకు మెత్తని చెప్పులు చేయించితిమి. ప్రతిదినము దీపము పెట్టువేళకు నేను వారింటికి పోయి, గోరువెచ్చని నీటితో ఆ పాదము కడిగి, వ్రేళ్లనడుమ తడి తుడిచి, అద్దము పట్టి అరికాలు చూతును. నీటివేడి ముందుగ నా మోచేతితోనే చూచుకొందును. పాదముమీద రెండువ్రేళ్లుంచి నాడి వెదకుట ఇప్పుడు నేర్చితిని. కొన్నినాళ్లు దొరకును, కొన్నినాళ్లు చాలసేపు వెదకవలసియుండును.

"ఏమన్న ఉన్నదా తమ్మీ?" అని అడుగుదురు.

"ఏం లేదన్నా" అందును.